అడగవలసిన ప్రశ్న, పెట్టవలసిన కాగితం

గుంటూరు వైద్య కళాశాలలో చదివి 1970లలో అమెరికా వెళ్లిన డాక్టర్ల తరం మాది. 1965 నాటి వలస చట్టం మాకు దారి ఇచ్చింది. అక్కడి డాక్టర్లు అంతగా ఇష్టపడని చోట్ల మాకు ఉద్యోగాలు దొరికాయి. మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే వీఏ ఆస్పత్రులు అలాంటివే. మధ్యపశ్చిమ రాష్ట్రాల్లోని ఒక వీఏ ఆస్పత్రిలో నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు. ఆ యుద్ధంలో తమ సైన్యమే అడవుల మీద చల్లిన కలుపుమందు వాళ్లను ఎలా వెంటాడిందో, దానికి పరిహారం పొందడానికి వాళ్లు ఎంత కష్టపడ్డారో దగ్గర నుంచి చూశాను. ఇప్పుడు మన తెలుగు పిల్లలు ఎందరో అవే ఆస్పత్రుల్లో డాక్టర్లుగా, నర్సులుగా, ఫార్మసిస్టులుగా పనిచేస్తున్నారు. ముందుగా వాళ్ల కోసం, ఆ తర్వాత సైన్యంలో పనిచేసిన పెద్దలు ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి కోసం ఇది రాస్తున్నాను.

1. జబ్బు పేరు రాసే ముందు మనిషి ఎక్కడెక్కడ పనిచేసి వచ్చాడో అడగండి.

రోగి ఏం తింటాడు, ఏం తాగుతాడు, తల్లిదండ్రులకు ఏ జబ్బులున్నాయి, ఇవన్నీ ఓపికగా అడిగేవాణ్ణి. సైన్యంలో ఏ దేశంలో ఉన్నాడు, ఏ సంవత్సరాల్లో ఉన్నాడు, అక్కడ ఏం పని చేశాడు, ఇవి మాత్రం చాలాకాలం అడగలేదు. ఆ యుద్ధం నాది కాదనుకున్నాను. వాళ్లకూ దాని గురించి మాట్లాడటం ఇష్టం ఉండదని నాకు నేనే నిర్ణయించుకున్నాను. అడిగి ఉంటే ఎన్నో తెలిసేవి. 1962 నుంచి 1971 దాకా ‘ఆపరేషన్ రాంచ్ హ్యాండ్’ పేరుతో అమెరికా వైమానిక దళం దక్షిణ వియత్నాం మీద సుమారు 2 కోట్ల గ్యాలన్ల కలుపుమందులు చల్లింది. శత్రువు దాక్కోవడానికి ఆకు మిగలకూడదు, తినడానికి పంట మిగలకూడదు, అదీ ఉద్దేశం. అన్నిటికన్నా ఎక్కువగా వాడిన మందు పీపాల మీద నారింజ రంగు పట్టీ ఉండేది. ఏజెంట్ ఆరెంజ్ అన్న పేరు దానివల్లే వచ్చింది. అందులో సగం 2,4-డి, సగం 2,4,5-టి. ఈ రెండోదాన్ని తయారుచేసేటప్పుడే టీసీడీడీ అనే డయాక్సిన్ అందులో పుట్టుకొచ్చింది. పీపాలు దొర్లించినవాడు, విమానంలోకి మందు ఎక్కించినవాడు, స్థావరం కంచె చుట్టూ గడ్డి చావడానికి వీపున పంపు కట్టుకుని మందు కొట్టినవాడు, ఆకు రాలిన అడవిలో నడిచినవాడు అందరూ నా గదికి వచ్చి వెళ్లారు. వాళ్ల చేతికి మాత్రలు రాసిచ్చాను. ఒక్క ప్రశ్న అడగలేదు.

2. విషానికి తొందర ఉండదు.

ఇరవై ఏళ్ల వయసులో వియత్నాం వెళ్లిన కుర్రాడికి యాభై దాటాక షుగరు వస్తే, అది వయసుతో వచ్చిందనుకుంటాం. ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తే మగవాళ్లకు మామూలే అంటాం. డయాక్సిన్ కొవ్వులో చేరి కూర్చుంటుంది. ఒంట్లో చేరినది సగానికి తగ్గడానికే సుమారు 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. అది చేసే హాని మొటిమల్లాంటి క్లోరాక్నే రూపంలో వెంటనే కనిపించవచ్చు, లేదా ఒక తరం గడిచాక కనిపించవచ్చు. ప్రభుత్వం ఒప్పుకున్న జబ్బుల జాబితా కూడా అలాగే మెల్లగా పెరిగింది. లింఫోమాలు, మృదు కణజాల సార్కోమా, మల్టిపుల్ మైలోమా, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముందుగా చేరాయి. 1996లో ప్రోస్టేట్ క్యాన్సర్, 2001లో టైప్ 2 మధుమేహం వచ్చాయి. 2010లో గుండె రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు, పార్కిన్సన్స్ చేరాయి. 2021లో మూత్రాశయ క్యాన్సర్, హైపోథైరాయిడిజం, 2022లో అధిక రక్తపోటు వచ్చాయి. మందు చల్లడం ఆగిన యాభై ఏళ్ల తర్వాత కూడా కొత్త పేర్లు చేరుతున్నాయంటే, నిన్న ‘సంబంధం లేదు’ అని మనం కొట్టిపారేసిన జబ్బు మీద రేపు మరో మాట చెప్పవలసి రావచ్చు. అందుకే రోగి తనకు అనుమానంగా ఉందని చెబితే దాన్ని కేసు కాగితాల్లో రాసి ఉంచండి. మన నమ్మకం ఏదైనా సరే, అతని మాట అక్కడ ఉండాలి.

3. తేల్చలేని విషయంలో భారం బలవంతుడే మోయాలి.

ఫలానా మనిషి క్యాన్సర్ ఫలానా పీపాలోని మందు వల్లే వచ్చిందని ఏ వైద్యుడూ చూపించలేడు. మొదట్లో ప్రభుత్వం సైనికుల్ని అడిగింది మాత్రం సరిగ్గా అదే. 1977లో షికాగో వీఏ కార్యాలయంలో పనిచేసే మాడ్ డివిక్టర్ అనే ఉద్యోగిని, వియత్నాం వెళ్లొచ్చినవాళ్ల జబ్బుల్లో ఒక పోలిక గమనించి వివరాలు కూర్చడం మొదలుపెట్టింది. 1978లో అదే ఊరి టీవీ విలేకరి బిల్ కర్టిస్ ఆ విషయాన్ని లోకానికి చూపించాడు. ఆ ఏడే పాల్ రాయిటర్‌షాన్ అనే మాజీ సైనికుడు రసాయన కంపెనీల మీద దావా వేసి, ఏడాది తిరగకుండానే క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ దావా పెరిగి పెద్దదై, 1984లో కంపెనీలు 18 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకోవడంతో ముగిసింది. వినడానికి పెద్ద మొత్తం. చివరికి అది వడ్డీతో పెరిగాక సుమారు 52 వేల మందికి పంచితే సగటున ఒక్కొక్కరికి వచ్చింది 3,800 డాలర్లు. అసలు మార్పు 1991లో ఏజెంట్ ఆరెంజ్ చట్టంతో వచ్చింది. 1962 జనవరి 9కీ 1975 మే 7కీ మధ్య వియత్నాం నేల మీద అడుగు పెట్టిన ప్రతి సైనికుడికీ ఆ మందు సోకిందనే చట్టం భావిస్తుంది. జాబితాలోని జబ్బు ఉంటే అది సేవ వల్లే వచ్చిందని భావిస్తుంది. ఏ రోజు, ఏ చెట్టు కింద తడిశాడో అతను చూపించనక్కర్లేదు. నేను చదివిన వైద్యంలో నిరూపణకే విలువ. ఆ చట్టం నాకు మరో సంగతి నేర్పింది. నిరూపణ అసాధ్యమైనప్పుడు దాన్ని జబ్బుపడ్డవాడి నెత్తిన పెట్టడం అన్యాయం.

4. పరీక్ష చేయించుకోవడం వేరు, దరఖాస్తు పెట్టడం వేరు.

నా జీవితంలో అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే పొరపాటు ఇక్కడే జరిగింది. ఏజెంట్ ఆరెంజ్ రిజిస్ట్రీ అని ఒకటి ఉంది. 1978 నుంచి నడుస్తోంది. మాజీ సైనికుడు వచ్చి ఉచితంగా పరీక్షలు చేయించుకుంటాడు, వివరాలు నమోదవుతాయి. అది ఆరోగ్య పరీక్ష మాత్రమే. పరిహారానికి దరఖాస్తు కాదు. ఒక పెద్దాయన నన్ను నేరుగా అడిగాడు, ‘డాక్టర్, ఇక నా పేరు వాళ్ల దగ్గర ఉన్నట్టేనా?’ అని. ఉన్నట్టే అన్నాను. ఆయన అడిగింది పరిహారం సంగతి. నేను జవాబిచ్చింది పరీక్ష సంగతి. ఆయన ఆ మాట నమ్మి ఇంటికెళ్లి ఎదురుచూశాడు. అసలు దరఖాస్తు పెట్టేసరికి ఏళ్లు గడిచిపోయాయి. పరిహారం సాధారణంగా దరఖాస్తు అందిన తేదీ నుంచే లెక్క కడతారు, జబ్బు మొదలైన తేదీ నుంచి కాదు. ఆయన పోగొట్టుకున్న ఆ ఏళ్ల డబ్బును నేను తిరిగి ఇవ్వలేకపోయాను. కాబట్టి గుర్తుంచుకోండి. కాగితాలన్నీ సిద్ధంగా లేకపోయినా ‘దరఖాస్తు పెట్టే ఉద్దేశం ఉంది’ అని తెలియజేసే ఫారం ఒకటి ఉంది. అది ఈరోజు పంపితే, ఏడాదిలోగా పూర్తి దరఖాస్తు పెట్టినా ఈరోజు తేదీయే లెక్కలోకి వస్తుంది. జబ్బు పేరు చెప్పిన రోజునే ఈ మాట కూడా చెప్పండి. మందుచీటీ రాసేంత సమయం కూడా పట్టదు.

5. శాస్త్రం కోరే నిశ్చయం వేరు, చట్టం కోరే తూకం వేరు.

జాబితాలో లేని జబ్బుకు కూడా పరిహారం అడగవచ్చు. అప్పుడు వైద్యుడి అభిప్రాయం కావాలి. అలాంటి ఉత్తరాలు రాయమని నన్ను అడిగేవాళ్లు. పరిశోధన వ్యాసం రాసే పద్ధతిలోనే అవీ రాశాను. సంబంధం ఉండవచ్చు, లేకపోనూవచ్చు, ఇంకా అధ్యయనం అవసరం అని ముగించేవాణ్ణి. అలాంటి ఉత్తరం ఎవరికీ ఉపయోగపడదని ఆలస్యంగా తెలుసుకున్నాను. చట్టం నూటికి నూరుపాళ్లు నమ్మకం అడగదు. అవునని చెప్పే ఆధారం, కాదని చెప్పే ఆధారం సమానంగా ఉంటే చాలు. తూకం సరిసమానమైతే మొగ్గు సైనికుడి వైపే. కాబట్టి ఉత్తరం రాసే డాక్టరు రోగి పాత రికార్డులు చూశానని రాయాలి. యాభై శాతమో, అంతకు మించో అవకాశం ఉందా లేదా అన్నది తేల్చి చెప్పాలి. ఆ అభిప్రాయానికి కారణాలు వివరించాలి. కారణం చెప్పని అభిప్రాయానికి విలువ ఉండదు. అబద్ధం రాయమని నేను చెప్పడం లేదు. లేదనిపిస్తే లేదనే రాయండి. ఉందనిపించినప్పుడు మాత్రం గోడ మీద కూర్చుని రాయకండి. అధిక రక్తపోటు సంగతే చూడండి. 2018లో నేషనల్ అకాడమీ నిపుణులు దానికీ ఆ మందులకూ సంబంధం ఉందనడానికి తగిన ఆధారం ఉందన్నారు. జాబితాలోకి ఎక్కింది 2022లో. ఆ మధ్య కాలంలో ఎందరికో ఆసరా కాగలిగింది ధైర్యంగా, సరిగ్గా రాసిన డాక్టరు ఉత్తరం ఒక్కటే.

6. ధైర్యం చూపించవలసిన చోటు పరీక్ష గది కాదు.

పరిహారం ఎంతో నిర్ణయించడానికి ఒక పరీక్ష ఉంటుంది. సైనికుడిగా బతికిన మనిషి అక్కడ నిటారుగా కూర్చుని ‘బాగానే ఉన్నాను సార్’ అంటాడు. నిలబడి వంట చేసుకోలేనివాడు, పాదాల మంటతో రాత్రంతా నిద్రపట్టనివాడు కూడా అదే మాట అంటాడు. ఆ మాటే కాగితంలోకి ఎక్కుతుంది. రోజులో అన్నిటికన్నా కష్టమైన పూట ఎలా గడుస్తుందో చెప్పమని వాళ్లను ముందుగానే సిద్ధం చేయండి. భార్య, పాత సహచరుడు రాసిచ్చే వాంగ్మూలాలకు కూడా విలువ ఉంటుంది. శాతాల లెక్క కూడా వివరించండి. అది మామూలు కూడిక కాదు. ఒక జబ్బుకు 50 శాతం, మరో జబ్బుకు 30 శాతం ఇస్తే 80 కాదు. నిండు కుండలోంచి సగం నీళ్లు తీశాక, రెండోసారి తీసేది మిగిలిన సగంలోంచే. 50లో 30 శాతం 15, మొత్తం 65, దాన్ని దగ్గరి పదికి సవరించి 70 అంటారు. ఇది తెలియక మోసపోయామనుకుని అప్పీలు చేసినవాళ్లున్నారు. షుగరుకు మాత్రమే దరఖాస్తు పెట్టి, షుగరు వల్ల వచ్చిన నరాల దెబ్బను, మూత్రపిండాల జబ్బును అడగకుండా వదిలేసినవాళ్లు ఇంకా ఎక్కువ. మూల జబ్బుకు హక్కు ఉంటే దాని పిల్లలకూ ఉంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నంతకాలం 100 శాతం ఇస్తారు. చికిత్స ముగిసిన ఆరు నెలలకు మళ్లీ పరీక్షించి మిగిలిన ఇబ్బందులను బట్టి తగ్గిస్తారు. ఆ సంగతి ముందే చెబితే తగ్గించామనే ఉత్తరం వచ్చిన రోజున మనిషి కుంగిపోడు.

7. ఒకసారి కాదన్నారంటే ఎప్పటికీ కాదని అర్థం కాదు.

చట్టం ఎక్కడో ఒకచోట గీత గీస్తుంది, గీతకు అవతల కొందరు మిగిలిపోతారు. తీరానికి దూరంగా ఓడల్లో ఉన్న నావికులు వియత్నాం నేల తొక్కలేదు కాబట్టి చాలాకాలం వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. 2019లో ప్రొకోపియో కేసు తీర్పు, ఆ తర్వాత అదే ఏడు వచ్చిన చట్టం వాళ్లకు న్యాయం చేశాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు సముద్రంలో ఉన్నవాళ్లకూ హక్కు వచ్చింది. థాయిలాండ్ స్థావరాల్లో ఉన్నవాళ్లలో చాలామంది 2022 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. ఆ నెలలో వచ్చిన పాక్ట్ చట్టం థాయిలాండ్‌తో పాటు లావోస్, గువామ్, అమెరికన్ సమోవాల్లోనూ, కంబోడియాలో ఒక భాగంలోనూ నిర్ణీత కాలాల్లో పనిచేసినవాళ్లను కూడా చేర్చింది. కొరియా సరిహద్దులో 1967 సెప్టెంబరు నుంచి 1971 ఆగస్టు దాకా ఉన్న కొన్ని దళాలకు అంతకు ముందే వర్తించింది. వీళ్లలో చాలామందికి మొదట తిరస్కరణ ఉత్తరాలే వచ్చాయి. ఆ ఉత్తరాన్ని అలమరలో పడేసి మళ్లీ తీయనివాళ్లను చూశాను. తిరస్కరణ వచ్చిన ప్రతివాడి చేత దాన్ని జాగ్రత్త చేయించండి. చట్టం మారినప్పుడు మళ్లీ అడిగించండి. వియత్నాంలో పనిచేసినవాళ్ల విషయంలో నెమర్ కేసు ఒప్పందం వల్ల, జబ్బు ఆ తర్వాత జాబితాలో చేరినా పాత దరఖాస్తు తేదీ నుంచే పరిహారం దక్కే అవకాశం ఉంది. అందుకోసం డబ్బడిగే ఏజెంట్ల దగ్గరికి పంపకండి. మొదటి దరఖాస్తుకు రుసుము తీసుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. అమెరికన్ లీజియన్, డీఏవీ, వియత్నాం వెటరన్స్ ఆఫ్ అమెరికా వంటి సంఘాల ప్రతినిధులు ఉచితంగానే చేసిపెడతారు.

8. భార్యకు తెలియని హక్కు భర్తతోనే పోతుంది.

మగవాళ్లు యుద్ధం సంగతి ఇంట్లో చెప్పరు. జబ్బు సంగతి సగమే చెబుతారు. కాగితాల సంగతి అసలే చెప్పరు. ఆయన పోయాక ఆమెకు సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పత్రం ఎక్కడుందో తెలియదు. సేవ వల్ల వచ్చిన జబ్బుతో సైనికుడు చనిపోతే భార్యకు నెలనెలా పరిహారం వస్తుంది. మరణం జరిగిన ఏడాదిలోగా అడిగితే ఆ నెల నుంచే లెక్క కడతారు. మరణ ధ్రువీకరణ పత్రంలో డాక్టరు ఏం రాశాడన్నది ఇక్కడ చాలా ముఖ్యం. ‘గుండె ఆగింది’ అని రాసి వదిలేస్తే ఆమె ఏళ్ల తరబడి తిరగాలి. గుండె ఆగడానికి మూలమైన జబ్బు పేరు కూడా రాయండి. పిల్లల విషయం కూడా ఉంది. వియత్నాం వెళ్లొచ్చినవాళ్లకు స్పైనా బిఫిడాతో, అంటే వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపంతో పిల్లలు పుడితే, వాళ్లకు సాయం ఇవ్వడానికి 1996లో చట్టం చేశారు. ఇవన్నీ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పవలసిన మాటలు. ఆమె వెంట వచ్చిన రోజున ఆమెను బయట కూర్చోబెట్టకండి.

9. ఆ మందు కింద తడిసినవాళ్లు ఒక్క అమెరికన్లే కాదు.

అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ వియత్నాంలో నౌకాదళాన్ని నడిపినవాడు. నదీతీరాల్లో పొంచి ఉన్నవాళ్ల తూటాల నుంచి తన నావికులను కాపాడటానికి ఆ మందు చల్లించాడు. అదే నదుల్లో పడవ నడిపిన ఆయన కొడుకు 1988లో లింఫోమాతో చనిపోయాడు. ఆ తండ్రి చివరిదాకా మాజీ సైనికుల పరిహారం కోసం పోరాడాడు. ఆ కథ చదివి నేను చాలా రోజులు మామూలుగా ఉండలేకపోయాను. ఆ నదుల ఒడ్డున కాపురాలున్న వియత్నాం రైతుల సంగతి తలచుకుంటే బాధ ఇంకా పెరుగుతుంది. ఆ దేశపు రెడ్‌క్రాస్ అంచనా ప్రకారం 30 లక్షల మంది దాకా ఆ మందు బాధితులే. వాళ్లు అమెరికా కోర్టులో వేసిన దావాను 2005లో కొట్టేశారు. 2009లో సుప్రీంకోర్టు దాన్ని వినడానికే ఒప్పుకోలేదు. డానాంగ్ విమానాశ్రయంలో విషమెక్కిన మట్టిని శుద్ధి చేసే పని అమెరికా సాయంతో 2012లో మొదలై 2018లో పూర్తయింది. బియెన్ హోవాలో ఇంకా చేయవలసింది ఉంది. నా రోగి హక్కు కోసం నేను నిలబడినంత మాత్రాన అవతలి మనిషి బాధ చిన్నదైపోదు. ఇద్దరి మీదా కురిసింది ఒకే మందు.

10. కాగితం లేని మనిషి వైపు ముందుగా నిలబడండి.

ఇది మన ఊళ్లకు కూడా వర్తిస్తుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ ఆ ఊరు సైన్యానికి మనుషుల్ని ఇస్తోంది. మన సైన్యంలోనూ వైకల్య పింఛను ఉంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు, చేరినప్పుడు రికార్డుల్లో జబ్బు లేకపోతే ఆ తర్వాత వచ్చినదాన్ని సేవ వల్ల వచ్చినదిగా భావించాలని, కాదని చూపే భారం యాజమాన్యానిదేనని చెప్పింది. ఆ హక్కు ఉందని మీ ఊళ్లోని మాజీ సైనికుడికి తెలుసో లేదో కనుక్కోండి. ఇక మన వరి చేలల్లో, మొక్కజొన్నలో నేటికీ 2,4-డి కొడుతున్నారు. దాన్ని ఏజెంట్ ఆరెంజ్ అని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ డయాక్సిన్ వచ్చింది రెండో సగమైన 2,4,5-టి నుంచి. నేను చెప్పేది మందు కొట్టే కూలీ గురించి. సైనికుడికి డిశ్చార్జి పత్రమైనా ఉంది. ఎక్కడ ఉన్నాడో, ఎప్పుడు ఉన్నాడో అది చెబుతుంది. ఏ మందు, ఎవరి చేలో, ఎన్ని సీజన్లు కొట్టాడో మన కూలీకి చెప్పే కాగితం ఏదీ లేదు. రేపు అతనికి జబ్బు చేస్తే ఏ చట్టం మాత్రం ఏ ఆధారంతో ఆదుకుంటుంది? మీరు ఏ ఆస్పత్రిలో ఉన్నా, గుంటూరులోనైనా డెట్రాయిట్‌లోనైనా, అతను చేసిన పని ఏమిటో, తాకిన మందు ఏమిటో అడిగి కేసు షీటులో తేదీ వేసి రాయండి. హక్కు ఉంటే ఏ ఫారం, ఎక్కడ ఇవ్వాలో చెప్పి పంపండి. ఆలస్యంగా నేర్చుకున్న నాకంటే మీరు ముందుగా మొదలుపెడితే, ఆ తేడా కొన్ని కుటుంబాలకు బతుకుతెరువవుతుంది.